నెల్లూరు, ఒంగోలుల్లో మోడల్ రైల్వే క్లబ్ నిలబడాలంటే

మోడల్ రైల్వే అంటే అసలు రైళ్లను కొలత తగ్గించి నమూనాలుగా చేసి నడిపే అభిరుచి. ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లలో కనిపించే ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవు దాదాపు 24 మీటర్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు కొలతలో 87వ వంతుకు తగ్గించి చేస్తే, అది 27 సెంటీమీటర్లు దాటుతుంది. 22 బోగీల ఎక్స్‌ప్రెస్‌ను పూర్తిగా నిలబెట్టాలంటే ఆరు మీటర్ల ప్లాట్‌ఫారం కావాలి. కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు మోసే 58 బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్ల రేకు, అంటే ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరస అయితే ఏడు మీటర్ల పైమాటే, ఇంజన్లూ బ్రేక్ వ్యానూ అదనం. వంపుల సంగతి ఇంకా కష్టం. బండిలో అన్నిటికంటే పొడవైన బోగీకి మూడింతలైనా వంపు వ్యాసార్ధం ఉండాలన్నది ఈ పనిలో పాత లెక్క. ఆ లెక్కన 83 సెంటీమీటర్ల వ్యాసార్ధం, బండి వెనక్కి తిరగడానికి అయిదున్నర అడుగుల వెడల్పు కావాలి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనైనా ఒంగోలు లాయర్‌పేటలోనైనా మామూలు ఇంటి హాలులో ఇది పట్టదు.

మోడల్ రైల్వే అభిరుచిలో క్లబ్బులు పుట్టింది ఈ జాగా ఇబ్బంది వల్లనే. లండన్‌లోని మోడల్ రైల్వే క్లబ్ 1910 నాటిది. అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ మొదట పట్టించుకున్న విషయం ఒక్కటే: ఒకరి బండి ఇంకొకరి పట్టాల మీద నడవాలి, అందుకు చక్రాలకూ పట్టాలకూ కప్లింగ్‌లకూ అందరూ ఒప్పుకున్న కొలతలు ఉండాలి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 1946లో మొదలైన విద్యార్థుల క్లబ్‌లో సభ్యులు తమంతట తామే రెండు జట్లుగా చీలారు. బల్ల మీద ఊళ్లూ కొండలూ చెట్లూ చేసేవాళ్లు ఒక జట్టు, బల్ల కింద టెలిఫోన్ రిలేలతో సిగ్నళ్లూ కరెంటూ నడిపేవాళ్లు రెండో జట్టు. ఏ ఊళ్లో క్లబ్ పెట్టినా ఈ రెండు రకాల మనుషులూ వస్తారు. ఇద్దరికీ పని చూపించిన క్లబ్ బతుకుతుంది. వైరింగ్ మొత్తం ఒక్కరి తలలో, తాళంచెవి ఒక్కరి జేబులో ఉన్న చోట, ఆ ఒక్కరికీ బదిలీ అయిన నెల నుంచే బల్ల మీద దుమ్ము పేరుకుంటుంది. అందువల్ల సభ్యత్వ నియమాల కంటే ముందు, పని ఎలా పంచుకోవాలో తేల్చుకోవాలి. పని పంచుకోవడం సాధ్యమయ్యేలా బల్లనే కట్టుకోవాలి.

ముందు కొలతలు, తర్వాతే కొనుగోళ్లు

మొదటి సమావేశంలో తేల్చాల్సింది స్కేలు. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే 1435 మి.మీ.ల స్టాండర్డ్ గేజ్ వస్తుంది. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., స్కేలులో 19.3 మి.మీ. రావాలి. అంటే హెచ్‌ఓ పట్టాల మీద మన వాప్-7 కరెంటు ఇంజన్ నిలబెడితే కింద దారి మూడు మిల్లీమీటర్లు ఇరుకుగా కనిపిస్తుంది. సరైన గేజ్ కావాలంటే పట్టాలూ పాయింట్లూ ఇరుసులూ అన్నీ చేత్తో చేసుకోవాలి. అది ఒకరిద్దరు ఓపికగా చేయగల పనే గానీ, కొత్తగా చేరేవారికి మొదటి రోజే గోడ కట్టినట్టవుతుంది. పది మంది కలిసి నడిపే క్లబ్ 16.5 మి.మీ.తో సర్దుకోవడమే మేలు. ఎన్ స్కేలు (160వ వంతు, 9 మి.మీ. దారి) తక్కువ జాగాలో ఎక్కువ రైలు చూపిస్తుంది కానీ మన బోగీలూ ఇంజన్లూ అందులో దొరకడం ఇంకా కష్టం. ఏది ఎంచుకున్నా చేతులెత్తి ఓటు వేసి, కాగితం మీద రాసి, అందరూ సంతకం పెట్టాలి. ఈ ఒక్క నిర్ణయాన్ని మాట వరసకు వదిలేస్తే ఆరు నెలల్లో సగం మంది దగ్గర ఒక సైజూ మిగతా సగం దగ్గర ఇంకో సైజూ చేరుతాయి.

రెండోది, ఒకే పెద్ద బల్లా, విడదీసి మళ్లీ బిగించగల పెట్టెలా, అంటే మాడ్యూళ్లా? మన ఊళ్లలో అద్దె గది శాశ్వతం కాదు. యజమాని ఖాళీ చేయమంటే గోడకు బిగించిన బల్లను రంపంతో కోయడం తప్ప దారి ఉండదు. మాడ్యూలైతే ఒక్కొక్కరు తమ పెట్టెను ఇంటికి తీసుకెళ్తారు, ఇంట్లోనే తీరిక వేళ పని చేస్తారు, నెలకోసారి కలిసి బిగిస్తారు. కల్యాణ మంటపం హాలు ఒక పూటకు దొరికినా చాలు.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టె సౌకర్యం. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటుకు నాలుగు పైపలకలు వృథా లేకుండా వస్తాయి. పైపలకకు 9 మి.మీ., పక్క చట్రానికి 12 మి.మీ., రెండు కొస పలకలకు 18 మి.మీ. ప్లైవుడ్ వాడాలి. కొస పలకలు మాత్రం అందరివీ ఒకే వడ్రంగి దగ్గర, ఒకే అచ్చు పెట్టి, ఒకే రోజు కోయించాలి. ఎవరికి వారు కోయించుకుంటే బోల్టు రంధ్రాలు కలవవు. రంధ్రం 10 మి.మీ., బోల్టు 8 మి.మీ. ఉంటే బిగించేటప్పుడు మిల్లీమీటరు అటూ ఇటూ జరుపుకునే వీలుంటుంది. కాళ్ల అడుగున 10 మి.మీ. బోల్టు పెడితే ఎగుడుదిగుడు నేల మీద కూడా మట్టం కుదురుతుంది. పట్టాలు కొసకు అంగుళం దూరంలోనే ఆపేయాలి. రెండు మాడ్యూళ్ల మధ్య మిగిలే రెండంగుళాల సందులో విడి ముక్క వేసి జాయినర్లతో (పట్టాలను అతికే చిన్న లోహపు తొడుగులతో) కలపాలి. పట్టాలను కొస దాకా తెస్తే మోసేటప్పుడు ఎక్కడో గోడకు తగిలి వంగుతాయి, ఆ తర్వాత ఆ జాయింటు దగ్గర ప్రతి బండీ పట్టా తప్పుతుంది. కొసకు ముందు కనీసం పది సెంటీమీటర్లు దారి తిన్నగా, కొస పలకకు లంబంగా ఉండాలి. వంపును కొస దాకా లాగి, అతికే చోట మలుపు విరిగినట్టు కనిపించడం కొత్తవారి పెట్టెల్లో తరచూ చూసే లోపం.

సముద్రం వైపు ఎర్ర తీగ

వైరింగ్‌లో తగాదాలు రాకుండా ఉండాలంటే దిక్కులకు పేర్లు పెట్టుకోవాలి. మన మెయిన్ లైను తీరం వెంబడి వెళ్తుంది. ఒక కొస చెన్నై, ఇంకో కొస విజయవాడ; ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వెలికొండలు. సముద్రం వైపు పట్టాకు ఎర్ర తీగ, కొండ వైపు పట్టాకు నల్ల తీగ అని నియమం పెడితే మనిషి బల్లకు ఏ పక్క నిలబడ్డా గందరగోళం ఉండదు. చెన్నై కొసన ఆడ కనెక్టరు, విజయవాడ కొసన మగ కనెక్టరు. డ్రోన్ బ్యాటరీలకు వాడే ఎక్స్‌టీ60 రకం తిరగేసి దూర్చినా దూరదు కాబట్టి బాగా నప్పుతుంది. బండి తిరిగి వచ్చే వలయం ఉన్న చోట మాత్రం ఎరుపు వెళ్లి నలుపును తాకుతుంది, షార్టవుతుంది. అక్కడ రెండు పట్టాలనూ రెండు చోట్ల తెంపి, ఆ ముక్కకు ఆటో రివర్సర్ (ఎరుపు, నలుపులను తనంతట తానే తారుమారు చేసే పరికరం) పెట్టాలి.

పెట్టె అడుగున ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇళ్లలో వాడే 2.5 చదరపు మి.మీ. తీగ, దాని నుంచి ప్రతి పట్టా ముక్కకూ 0.5 చదరపు మి.మీ. సన్న తీగ వెళ్లాలి. సన్న తీగ అడుగు పొడవు మించకూడదు. జాయినర్లే కరెంటు అందిస్తాయని నమ్మితే మొదటి వానాకాలానికి వాటిలో మకిలి చేరి బండి ఆగి ఆగి నడుస్తుంది. సోల్డరింగ్‌కు రోజిన్ ఫ్లక్స్ మాత్రమే వాడాలి. లోహపు రేకుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ మన తీరప్రాంతపు తేమలో కొన్ని నెలల్లోనే తీగను పచ్చగా తినేస్తుంది.

పని పూర్తయ్యాక పరీక్ష సులువు. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్, అంటే పట్టాల ద్వారానే ఒక్కో ఇంజన్‌కు విడిగా ఆదేశం పంపే పద్ధతి) పవర్ ఇచ్చి, మాడ్యూలు పొడవునా మీటరుకో చోట రెండు పట్టాలకూ అడ్డంగా రూపాయి బిళ్ల పెట్టాలి. పెట్టిన ప్రతిచోటా పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టరు వెంటనే కట్ కావాలి. కాకపోతే ఆ దారిలో నిరోధం ఎక్కువ ఉందన్నమాట. అయిదు ఆంపియర్ల బూస్టరు 15 వోల్టుల దగ్గర 75 వాట్లు ఇవ్వగలదు. నిజంగా బండి పట్టా తప్పి షార్టయిన రోజు ఆ వేడంతా చక్రాల దగ్గర చేరి చక్రాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం మెత్తబడుతుంది. బిళ్ల పరీక్ష పాస్ కాని పెట్టెను, అది ఎంత అందంగా ఉన్నా, అధ్యక్షుడిదే అయినా, ఆ రోజు బిగించకూడదు.

డీసీసీలో క్లబ్బులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చిరునామా. ఇంజన్ లోపల ఉండి ఆదేశాలు అందుకునే ప్రతి కొత్త డీకోడరూ ఫ్యాక్టరీ నుంచి 3 అనే నంబరుతో వస్తుంది. ముగ్గురు సభ్యులు తమ కొత్త ఇంజన్లు పట్టాల మీద పెట్టి, ఒకరు 3 నొక్కి థ్రాటిల్ (వేగం మార్చే మీట) తిప్పితే మూడూ కదులుతాయి. ఒకటి బల్ల చివర దాకా వెళ్లి కింద పడే ప్రమాదం కూడా ఉంది. దీనికన్నా పెద్ద నష్టం, నంబరు మార్చే పనిని మెయిన్ లైను మీదే చేయడం. సర్వీస్ మోడ్‌లో, అంటే నంబరు మార్చే పద్ధతిలో, పంపే ఆదేశం పట్టాల మీద ఉన్న ఇంజన్లన్నిటికీ చేరుతుంది, అన్నిటి నంబర్లూ ఒక్కసారిగా మారిపోతాయి. అందుకే రెండడుగుల ప్రోగ్రామింగ్ ట్రాకును మెయిన్ లైనుకు సంబంధం లేకుండా విడిగా పెట్టాలి. సభ్యత్వ సంఖ్య 7 ఉన్నవారికి 700 నుంచి 799 దాకా, 12 ఉన్నవారికి 1200 నుంచి 1299 దాకా అని కేటాయిస్తే ఎవరి నంబరూ ఎవరితోనూ ఢీకొనదు. ఒకటో నంబరు సభ్యుడికి 100 నుంచి మొదలవుతుంది కాబట్టి 3 ఎవరికీ దక్కదు. అది కొత్త ఇంజన్ల కోసమే మిగులుతుంది, దాన్ని మెయిన్ లైను మీదికి రానివ్వకూడదు.

కమాండ్ స్టేషన్ (ఇంజన్లకు ఆదేశాలు పంపే పెట్టె) కోసం వెంటనే విదేశీ పెట్టె కొనక్కర్లేదు. ఆర్డుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద బిగించే మోటార్ షీల్డ్‌తో నడిచే డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ ఏర్పాటు ఉంది. ఫోన్లోని ఇంజిన్ డ్రైవర్ యాప్ థ్రాటిల్‌గా పనిచేస్తుంది. కావలి, ఒంగోలు ఇంజినీరింగ్ కాలేజీల ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఇది ఒక వారాంతపు పని. వాళ్లను క్లబ్‌లోకి తేవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. మామూలు మోటార్ షీల్డ్ రెండు మూడు ఇంజన్లకు మించి లాగదన్నది మాత్రం గుర్తుంచుకుని, బండ్లు పెరిగినప్పుడు అయిదు ఆంపియర్ల షీల్డుకు మారాలి.

ఎండ, తేమ, చెదలు

పట్టాల లోహం నికెల్ సిల్వర్. మూడు మీటర్ల పట్టా 20 డిగ్రీల వేడి పెరిగితే సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. డిసెంబరు ముసురులో సందు లేకుండా బిగించిన దారి మే నెలలో పాములా వంకర తిరగడానికి ఇది చాలు. మాడ్యూళ్ల మధ్య విడి ముక్కలు ఈ సాగుదలను సర్దుకుంటాయి, పెద్ద స్టేషన్ పెట్టెల్లో మాత్రం మధ్యలో కూడా సందులు వదలాలి. అయితే పట్టా కన్నా చెక్కే ఎక్కువ కదులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు ప్లైవుడ్ ఉబ్బుతుంది. పైన రంగు వేసి అడుగు వదిలేస్తే ఒక పక్కే తేమ పీల్చి పలక వాలుతుంది కాబట్టి రెండు పక్కలా, కోసిన అంచులకూ ప్రైమర్ పట్టించాలి. ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై వాడితే ఖర్చు పెరిగినా మళ్లీ చేసే బాధ తప్పుతుంది. కాళ్లు ఇనుప గొట్టాలైతే చెదలు నేల నుంచి ఎక్కే దారి తగ్గుతుంది. పెట్టెలు గోడకు ఆనించి నిలబెట్టకూడదు.

పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుపోగు రాలని గుడ్డ చాలు. ఉప్పు కాగితం వద్దు, అది చేసే గీతల్లోనే మళ్లీ మకిలి కూర్చుంటుంది. ఇంజన్‌కు నూనె ఎక్కువ పోసేవారి వల్ల కూడా పట్టాలు నల్లబడతాయి. సూది మొనతో ఒక్క చుక్క చాలు.

కొత్త సభ్యుడికి మొదటి రోజే పని

క్లబ్‌కు వచ్చి కుర్చీలో కూర్చుని చూసి వెళ్లినవారు రెండోసారి రారు. వచ్చిన రోజే చేతికి పని ఇవ్వాలి, ఆ పనిలోనే క్లబ్ ప్రమాణాలు వంటబట్టాలి. అందుకు బాగా పనికొచ్చేది వ్యాగన్ల తనిఖీ. ఒక గేజ్ (కొలత సరిచూసే పనిముట్టు), ఒక చిన్న తూకం, ఒక నోటు పుస్తకం ఇచ్చి ఇరవై వ్యాగన్లు ముందు పెట్టాలి. చక్రాల మధ్య దూరం గేజ్‌లో పడుతోందా, కప్లింగ్ ఎత్తు సరిపోతోందా, బరువు సరిగా ఉందా చూడాలి. బరువుకు అమెరికన్ అసోసియేషన్ సూచించిన లెక్క ఉంది: హెచ్‌ఓలో ప్రతి వాహనానికీ 28 గ్రాములు, పైన పొడవులో ప్రతి అంగుళానికీ 14 గ్రాములు. బాక్స్‌ఎన్ వ్యాగన్ అయిదంగుళాల లోపు కాబట్టి 96 గ్రాముల దగ్గర ఉండాలి, ఎల్‌హెచ్‌బీ బోగీ 180 గ్రాములు. తేలికైన వ్యాగన్ రేకు మధ్యలో ఉంటే వంపులో లాగుడుకు లోపలికి పడిపోతుంది. తక్కువైన గ్రాములను ఇనుప వాషర్లతో, ఇరుసుల మీద సమంగా పడేలా అతికించడం కూడా ఆ సాయంత్రమే నేర్పవచ్చు. ఇరవై వ్యాగన్లు చూసినవారికి బండ్లు ఎందుకు పట్టా తప్పుతాయో ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

తర్వాతి వారం పాత పట్టా ముక్క మీద పది సోల్డరింగ్ జాయింట్లు. ఆ పైన బొగ్గు లోడ్లు: ఫోమ్ ముక్కను వ్యాగన్‌కు తగ్గట్టు కోసి, లోపల వాషరు దాచి, పైన జిగురు రాసి నూరిన బొగ్గు చల్లాలి. అయస్కాంతంతో పైకి తీస్తే వ్యాగన్ ఖాళీ అయిపోతుంది. బడి పిల్లలు కూడా చక్కగా చేయగల పని ఇది. ఉదయం పని చేసినవారికి సాయంత్రం బండి నడిపే వంతు ఇవ్వాలి, అది పాత సభ్యులకైనా వర్తించాలి. మూడు నెలలు ఇలా వచ్చినవారిని పూర్తి సభ్యులుగా తీసుకుని ఓటూ గది తాళంచెవీ ఇవ్వడం న్యాయం. ప్రతి పనికీ ఇద్దరు బాధ్యులు ఉండాలి, అందులో ఒకరు కొత్తవారై ఉండాలి. వైరింగ్ పటాన్ని ప్రతి పెట్టె అడుగున, ప్లాస్టిక్ కవరులో పెట్టి అతికించాలి.

ఈ ప్రాంతానికి ఉన్న పెద్ద ఆస్తి రైల్వే రిటైర్డు ఉద్యోగులు. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట పెద్ద లోకో షెడ్డూ యార్డూ ఉన్న రైల్వే ఊరు. దొనకొండ మీటర్ గేజ్ కాలపు రైల్వే కాలనీ. స్టేషన్ మాస్టర్లుగా, లోకో పైలట్లుగా, గార్డులుగా పనిచేసినవారు ఈ రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. వారిని ప్రారంభోత్సవానికి శాలువా కప్పడానికి పిలిచి వదిలేయకుండా, ఆపరేషన్ సెషన్లు, అంటే అసలు రైల్వేలోలా పనులు పంచుకుని బండ్లు నడపడం, నేర్పే బాధ్యత అప్పగించాలి. బండి గుండ్రంగా తిప్పడం నాలుగు వారాలకు విసుగు పుట్టిస్తుంది. పది మందిని ఏళ్ల తరబడి పట్టి ఉంచేది రైలు నడిపే పద్ధతే.

దానికి మన దగ్గరి లైనే చాలు. 2019లో పూర్తయిన ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను వెలికొండల కింద ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం గుండా వస్తుంది. వెంకటాచలం దగ్గర మెయిన్ లైనును కలిసి కృష్ణపట్నం పోర్టుకు దారి ఇస్తుంది. నమూనాలో సొరంగం ఎంతో ఉపయోగం. కొండ వెనక నాలుగు లైన్లు దాచి పెడితే, లోడు రేకు లోపలికి వెళ్లి మాయమవుతుంది, ఖాళీ రేకు బయటికి వస్తుంది. రేకు 58 వ్యాగన్లు అక్కర్లేదు, 20 చాలు, రెండున్నర మీటర్లలో సరిపోతుంది. దూరాలు కూడా కుదించాలి. నెల్లూరు–గూడూరు 38 కిలోమీటర్లను స్కేలులో పరిస్తే 437 మీటర్లు వస్తుంది, ఏ క్లబ్ వల్లా కాదు. స్టేషన్ల మధ్య అయిదు మీటర్లు పెట్టుకుని, గడియారాన్ని నాలుగింతల వేగంతో నడిపితే గంటన్నర సెషన్‌లో ఆరు గంటల డ్యూటీ అవుతుంది.

సెక్షన్ కంట్రోలర్ ఒకరు, స్టేషన్ మాస్టర్లు ఇద్దరు, లోకో పైలట్లు ముగ్గురు నలుగురు. బండి వదిలే ముందు తర్వాతి స్టేషన్‌ను లైన్ క్లియర్ (లైను ఖాళీగా ఉంది, బండి పంపవచ్చన్న అనుమతి) అడగాలి. అవతలి స్టేషన్ మాస్టర్ ముందటి బండి పూర్తిగా వచ్చిందా, చివరి వాహనం మీద ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) బోర్డు కనిపించిందా చూసుకుని గానీ ఇవ్వకూడదు. ఇది నటన కాదు. కప్లింగ్ ఎత్తు తేడాతో రేకు తెగి నాలుగు వ్యాగన్లు సొరంగంలో ఉండిపోవడం మోడల్‌లో కూడా జరుగుతుంది, వెనక వచ్చే బండి వాటిని గుద్దుతుంది. అసలు రైల్వేలో మల్టిపుల్ యాస్పెక్ట్ (మూడు నాలుగు రకాల సూచనలిచ్చే) సిగ్నళ్లున్న చోట లైన్ క్లియర్‌కు మొదటి స్టాప్ సిగ్నల్ అవతల 180 మీటర్లు ఖాళీ ఉండాలి. స్కేలులో రెండు మీటర్లు. అంత జాగా ఉండదు కాబట్టి అర మీటరుకు గుర్తు పెట్టుకుని దాన్నే కచ్చితంగా పాటించాలి. వేగానికీ ఒక కొలత ఉంది. మీటరు దూరాన్ని మూడు సెకన్లలో దాటితే అసలు లెక్కలో గంటకు 100 కిలోమీటర్లు దాటినట్టు. బొగ్గు రేకుకు అయిదారు సెకన్లు పట్టాలి. కొత్తవారి చేతికి థ్రాటిల్ ఇచ్చేటప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి ఈ ఒక్కటి అలవాటు చేస్తే సగం ప్రమాదాలు తగ్గుతాయి.

డబ్బు, ఆస్తి, వెళ్లిపోయేవారు

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదుకు కనీసం ఏడుగురు కావాలి. నమోదైతే క్లబ్ పేరుతో బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం సులువవుతాయి. స్కూళ్లూ కాలేజీలూ హాలు ఇచ్చేటప్పుడు ఆ కాగితం అడుగుతాయి. దిగుమతి మీద మొదట్లోనే ఆధారపడకూడదు. బొమ్మలూ నమూనాలూ వచ్చే 9503 శీర్షిక మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ఆర్డరు పెట్టే ముందు ఆనాటి రేటు చూసుకుని, రవాణా కూడా కలిపి లెక్క వేయాలి. క్లబ్ డబ్బు కమాండ్ స్టేషన్, బూస్టరు, జంక్షన్ పెట్టెలు, పనిముట్ల మీద పెట్టాలి. ఇంజన్లూ బోగీలూ ఎవరివి వారు కొనుక్కోవాలి. క్లబ్ కొన్న ఇంజన్ అందరిదీ అనిపిస్తుంది, దాని చక్రాలు తుడిచేవారు మాత్రం ఉండరు.

ఏది ఎవరిదో మొదటి రోజే రిజిస్టరులో రాయాలి. సభ్యుడు ఊరు మారితే అతని మాడ్యూల్ అతనితో వెళ్తుంది. దాని జాగాలో పెట్టడానికి దృశ్యం ఏమీ లేని, దారి మాత్రమే ఉన్న నాలుగడుగుల పెట్టెలు రెండు క్లబ్ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఒక్కరు వెళ్లినందుకు లైను మొత్తం తెగుతుంది. సభ్యుడు చనిపోతే ఇంట్లోవారికి ఆ పెట్టెల విలువ తెలియదు, పాత సామాను వాడికి తూకానికి వేసేస్తారు. ఒక్కొక్కరూ తమ సేకరణ జాబితాను కొన్న ధరతో, ఎవరికి చేరాలో రాసి కవరులో పెట్టి కార్యదర్శికి ఇవ్వాలి. కుటుంబం అమ్మాలనుకుంటే క్లబ్ ఇద్దరు సభ్యులతో ధర కట్టించి, తామే కొనేవారు ఆ ధర కట్టే ఇద్దరిలో లేకుండా చూడాలి. అమ్ముడైన ఇంజన్ చిరునామాను అదే రోజు ప్రోగ్రామింగ్ ట్రాకు మీద కొత్త యజమాని వరసలోకి మార్చి, రిజిస్టరులో పాత నంబరు కొట్టేసి కొత్తది రాయాలి.